ఫౌండ్రీ పక్క వీధిలో గాలి

నా ఉద్యోగంలో సగం పని వాసన చూడటం. ఈ మాట చెబితే మావారి స్నేహితులు నవ్వేవారు. వాళ్ళంతా శాంటా క్లారాలోనో సన్నీవేల్‌లోనో సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళు. ఒక పుట్టినరోజు పార్టీలో ఒకాయన, "కెమికల్ ఇంజనీరింగ్ చదివి ముక్కుతో జాబ్ చేస్తున్నారాండీ?" అని అడిగారు. "అవునండీ, మీరు వేళ్ళతో చేస్తున్నట్టే" అన్నాను. అందరూ నవ్వారు, ఆయన కూడా. ఆ తర్వాత నా ఉద్యోగం గురించి ఎవరూ అడగలేదు.

బే అని పిలిచే సముద్రపు పాయ చుట్టుపక్కల ఊళ్ళ గాలిని కాపలా కాసే ప్రభుత్వ ఆఫీసు ఒకటి ఉంది. అందులో ఇన్‌స్పెక్టర్‌గా చేరి, ఇన్‌స్పెక్టర్‌గానే రిటైర్ అయ్యాను. ఫ్యాక్టరీలు, పెట్రోలు బంకులు, పెయింటు షాపులు తిరిగి చూడటం, ఎవరైనా "ఇక్కడ ఏదో కంపు కొడుతోంది" అని ఫోన్ చేస్తే వెళ్ళి తేల్చడం నా పని. ఇప్పుడు ఫ్రీమాంట్‌లో పొద్దున వాకింగ్‌కి వెళ్తే ఎమ్మెస్ చదవడానికి వచ్చిన పిల్లలు పలకరిస్తారు. ఫోన్‌లో గాలి నాణ్యత నంబరు చూపించి, "చూడండి ఆంటీ, ఇక్కడ గ్రీన్. మా హైదరాబాద్‌ల ఎప్పుడూ రెడ్డే. వీళ్ళు క్లీన్ పీపుల్ ఆంటీ" అంటారు. వాళ్ళకి జవాబుగా ఒక ఫౌండ్రీ సంగతి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. పెద్ద కేసేం కాదు. నా సర్వీసులో గెలిచామని చప్పట్లు కొట్టిన కేసు అదొక్కటే.

ముందు మా సీనియర్ గురించి చెప్పాలి. ఆయన నల్లజాతి అమెరికన్, ఆరడుగుల మనిషి, రిటైర్మెంటుకి దగ్గరపడ్డవాడు. ఈ ప్రాంతంలోనే పుట్టి పెరిగాడు. నాకు పని నేర్పింది ఆయనే. కారులో పక్కన కూర్చోబెట్టుకుని తిప్పుతూ పాత కథలు చెప్పేవాడు. ఆయన చిన్నప్పుడు వాళ్ళమ్మ ఉతికిన దుప్పట్లు ఆరేసే ముందు గాలి ఎటు వీస్తోందో చూసుకునేదట. గాలి తప్పుగా వీస్తే మళ్ళీ ఉతుక్కోవాలి. కొన్ని రోజులు ఎదురుగా ఉన్న కొండలు కనిపించేవి కావట.

"మరి ఎలా బాగుపడింది?" అని అడిగాను.

"చట్టాలు పెట్టి, వెంటపడి" అన్నాడు. "పెట్రోలులో సీసం తీయించారు. కార్ల పొగ గొట్టాలకి శుద్ధి చేసే డబ్బాలు పెట్టించారు. పొగ టెస్టు పాసవకపోతే రిజిస్ట్రేషన్ ఇచ్చేది లేదన్నారు. ఫ్యాక్టరీ చిమ్నీలకి మసిని పట్టే గుడ్డ సంచులు కట్టించారు. డీజిల్ మార్పించారు. ఇందులో ఒక్కటైనా ఎవరూ తమంతట తాము చేయలేదు. ప్రతిసారీ 'మునిగిపోతాం బాబో' అన్నారు. చట్టం వచ్చాక చేశారు. మునగలేదు." కాస్త ఆగి, "కొందరు మాత్రం చేయలేదు. మూట కట్టుకుని వెళ్ళిపోయారు" అన్నాడు.

అప్పుడా చివరి మాట నేను పెద్దగా పట్టించుకోలేదు.

ఫౌండ్రీ బే తూర్పు ఒడ్డున, రైలు పట్టాల పక్కన ఉండేది. ఉక్కు కరిగించి ఇసుక అచ్చుల్లో పోసి, వాల్వులు, లారీ భాగాలు తయారుచేసేవారు. ఇసుక గట్టిపడటానికి అందులో ఒక రసాయన జిగురు కలుపుతారు. ఎర్రగా కరిగిన ఉక్కు తగలగానే ఆ జిగురు కాలి పొగ లేస్తుంది. స్టవ్ మంట తగిలి ప్రెషర్ కుక్కర్ పిడి కాలితే వచ్చే వాసన మీకు తెలిసే ఉంటుంది. సరిగ్గా అదే. ఆ వాసన ఫ్యాక్టరీ కప్పు సందుల్లోంచి బయటికొచ్చి, పక్క వీధిలో ఇళ్ళ మీద దిగేది.

ఆ వీధి నుంచి ఒకావిడ ఫోన్ చేసేది. మెక్సికో నుంచి చిన్నప్పుడే వచ్చిన మనిషి. స్కూలు వంటగదిలో పని. ఇంగ్లీషులో స్పానిష్ కలిపి గబగబా మాట్లాడేది. ఆమె కూతురికి ఆస్తమా. వాసన వచ్చిన పూటల్లో ఆ పిల్లని కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, ముక్కుకి మాస్కు తగిలించి మందు పట్టాల్సి వచ్చేది.

మా రూల్సు ఇలా ఉండేవి. ఫిర్యాదు చేసినంత మాత్రాన లెక్కలోకి రాదు. ఇన్‌స్పెక్టరు వెళ్ళేసరికి వాసన ఇంకా ఉండాలి. ఫిర్యాదు చేసినవాళ్ళూ నేనూ ఒకేచోట నిలబడి ఇద్దరమూ చూడాలి. తర్వాత నేను ఫ్యాక్టరీ అవతలి వైపు వెళ్ళి, అక్కడ ఆ వాసన లేదని రూఢి చేసుకోవాలి. వేరువేరు ఇళ్ళ నుంచి అలాంటివి కొన్ని జమైతేనే కంపెనీకి నోటీసు. న్యాయంగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఆఫీసులో ఫోన్ వచ్చాక ఫ్రీవే ట్రాఫిక్‌లో ఈడ్చుకుంటూ నేను వెళ్ళేసరికి గాలి దిశ మారిపోయేది. ఆవిడ మెట్ల మీద నిలబడి ఉండేది. నేను కారు దిగగానే, "ఇప్పుడే పోయింది" అనేది. ఇద్దరం కోళ్ళలా మెడలు చాపి వాసన కోసం వెతికేవాళ్ళం. కొన్నిసార్లు దొరికేది. చాలాసార్లు దొరికేది కాదు.

ఒకరోజు అలాగే ఉత్తిచేతులతో వెళ్ళబోతుంటే లోపలికి రమ్మంది. కాఫీ ఇచ్చింది. గోడకి తగిలించిన ఒక మగవాడి పనికోటు మీద ఫౌండ్రీ పేరు చూశాను.

"మా ఆయనది" అంది. "ఉక్కు పోసే సెక్షన్. పెళ్ళికి ముందు నుంచీ అక్కడే."

"మీరు ఫోన్ చేస్తున్నట్టు ఆయనకి తెలుసా?"

"తెలీదు. మీరు చెప్పరు కదా?"

ఫిర్యాదు చేసినవాళ్ళ పేర్లు బయటపెట్టకూడదని రూలు. అదే చెప్పాను. ఆమె ఊపిరి పీల్చుకుంది.

రెండు వర్షాకాలాలు గడిచాక నోటీసులు జమయ్యాయి. కేసు మా బోర్డు ముందుకి వచ్చింది. బోర్డు అంటే కోర్టు లాంటిదే. రెండువైపులా వాదనలు విని, కంపెనీ ఏం చేయాలో ఆదేశిస్తుంది. మేం అడిగింది ఒకటే. ఉక్కు పోసే షెడ్డుని పూర్తిగా మూసి, ఆ గాలిని ఫిల్టర్ల గుండా పంపాలి. ఇంటి గది అంత ఎత్తున వరసగా గుడ్డ సంచులు వేలాడే ఒక ఫిల్టరు, దాని వెనక వాసన పీల్చే బొగ్గు ఫిల్టరు. నేనే లెక్కలు వేశాను. అసాధ్యమేమీ కాదు. పక్క రాష్ట్రంలో ఒక ఫౌండ్రీ అప్పటికే పెట్టింది.

మా సీనియర్ లెక్కలు చూసి బాగున్నాయన్నాడు. "కానీ బోర్డు ముందు ఎవరైనా మనిషి నిలబడాలి. లెక్కలకి దగ్గు రాదు" అన్నాడు.

ఆ వీధిలో ఇంటింటికీ తిరిగాను. ముందు ఐదారుగురు వస్తామన్నారు. తర్వాత ఒక్కొక్కరే ఫోన్ చేసి మానుకున్నారు. ఒకరి అన్న అక్కడ ఫోర్‌మన్, ఒకరి ఇంటి ఓనరు ఆ కంపెనీ మనిషి. ఆమెని నేను అడగనే లేదు. హియరింగ్ రోజు పొద్దున ఆమే వచ్చింది. పిల్ల చేయి పట్టుకుని, చర్చికి వేసుకునే గౌనులాంటిది వేసుకుని వచ్చింది.

హాలు నిండిపోయింది. కంపెనీ తన పనివాళ్ళని బస్సులో తీసుకొచ్చింది. అందరికీ ఒకేరకం టోపీలు. వాళ్ళ మధ్య ఆమె భర్త కూర్చుని ఉన్నాడని నాకు తెలీదు. ఆమెకి తెలుసో లేదో ఇప్పటికీ తెలీదు. ఆమె పేరు పిలవగానే మూడో వరసలో ఒకతను మెల్లగా టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అప్పుడు అర్థమైంది.

ఆమె మైకు పట్టుకుని ఎక్కువ మాట్లాడలేదు. "ఫ్యాక్టరీ మూయమని నేను అడగట్లేదు. మా ఇల్లు దాని మీదే నడుస్తోంది. కప్పు మూయమంటున్నాను. ఆ వాసన ఎక్కడిదని కంపెనీ లాయరుగారు ఇందాక అడిగారు. నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. రోజూ సాయంత్రం మా ఆయన జుట్టులో అదే వాసన" అంది.

కంపెనీ తరఫున మాట్లాడటానికి పనివాళ్ళలో కొందరి పేర్లు ముందే ఇచ్చారు. అందులో అతని పేరూ ఉంది. పిలిచారు. అతను టోపీ కుర్చీలో వదిలేసి వచ్చాడు. జేబులోంచి కంపెనీవాళ్ళు రాసిచ్చిన కాగితం తీశాడు, చూశాడు, మళ్ళీ మడిచాడు.

"నేను ఆవిడ భర్తని" అన్నాడు. "వాసన గురించి ఆవిడ చెప్పింది నిజం. నాకు ఈ ఉద్యోగం కావాలి. అదీ నిజం." అంతే. వెళ్ళి టోపీ తీసుకుని కూర్చున్నాడు.

బోర్డు మేం అడిగిందే ఆదేశించింది. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. బయట ఆ భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, పిల్లని మధ్యలో పెట్టుకుని బస్‌స్టాప్ వైపు నడిచి వెళ్ళడం చూశాను.

సీనియర్ నన్ను కాఫీకి తీసుకెళ్ళాడు. ఆయన ముఖంలో సంతోషం కనపడలేదు. "గెలిచాం కదా, ఏమిటలా ఉన్నారు?" అన్నాను.

"ఫిల్టరు పెట్టాక చూద్దాం. పెట్టి నడిపితే గెలిచినట్టు" అన్నాడు.

పెట్టారు. ఆశ్చర్యంగా గడువులోపే పెట్టారు. షెడ్డు చుట్టూ గోడలు కట్టారు, పెద్ద పెద్ద గొట్టాలు వేశారు. మొదటిసారి ఫ్యాన్లు వేసిన రోజు నేను లోపలే ఉన్నాను. ఉక్కు పోస్తున్నారు, పొగ లేచింది, లేచింది లేచినట్టే తల తిప్పుకుని గొట్టంలోకి వెళ్ళిపోయింది. ఆమె భర్త ముఖానికి అడ్డం పెట్టుకున్న కవచం పైకెత్తి నాకేసి చూసి, ఒక్కసారి తల ఊపాడు.

ఆ నెలలో ఆమె నుంచి ఫోన్ వచ్చింది. "ఏం వాసన?" అన్నాను అలవాటుగా. "ఏం లేదు. అదే చెబుదామని చేశాను" అంది. నా సర్వీసు మొత్తంలో వాసన లేదని చెప్పడానికి ఫోన్ చేసిన మనిషి ఆమె ఒక్కతే. పిల్ల పెరట్లో ఆడుకుంటోందట. ఆ రాత్రి ఇంటికెళ్ళి మావారికి చెబితే, "కంగ్రాట్స్, ఫైనల్‌గా నీ ప్రాజెక్ట్ రిలీజ్ అయింది" అన్నారు.

ఏడాది తిరగకుండా ఫౌండ్రీ మూసేస్తున్నట్టు ప్రకటించారు.

అసలు కారణం ఏమిటని చాలామంది అడిగారు. నాకు తెలిసినంతలో, అప్పటికే వాళ్ళ ఆర్డర్లు చౌకగా పోతపోసే దేశాలకి వెళ్ళిపోతున్నాయి. కంపెనీ చేతులు మారింది. కొత్త యజమానులకి యంత్రాల కన్నా ఆ స్థలం మీద కన్ను. ఫిల్టరు ఖర్చు కూడా ఒక కారణమే, కాదనను. కానీ పనివాళ్ళకి ఇచ్చిన నోటీసులో ఒక్క కారణమే ఉంది: గాలి నిబంధనలు. ఆ వీధిలో దాన్ని ఇంకోలా చదువుకున్నారు. ఫలానా ఇంటావిడ వల్ల.

ఒకరోజు పొద్దున ఆమె తలుపు తీసేసరికి మెట్ల మీద నల్లటి ఇసుక కుప్ప. అచ్చుల్లో వాడి పారేసిన కాలిన ఇసుక. ఎవరో ట్రక్కులో తెచ్చి పోసి వెళ్ళారు. నేను వెళ్ళేసరికి ఆమె భర్త పారతో ఎత్తుతున్నాడు. ఆమె లోపల్నుంచి రాలేదు. తడిసిన ఆ ఇసుకకి ఇంకా కొంచెం కుక్కర్ పిడి వాసన ఉంది. అది పోసింది ఎవరో తేల్చడం నా అధికారంలో లేదు. నేనూ ఒక పార తీసుకున్నాను. వద్దని చేత్తోనే చెప్పాడు.

మూసేశాక పర్మిట్ రద్దు చేసే ముందు చివరి తనిఖీ నాకే పడింది. లోపల యంత్రాలు విప్పుతున్నారు. కొలిమిని ముక్కలు చేసి చెక్కపెట్టెల్లో సర్దుతున్నారు. అక్కడ నిలబడి ఫోన్‌లో మాట్లాడుతున్న ఒక కుర్రాడి నోట తెలుగు వినిపించింది. ఫోన్ పెట్టేశాక నా బ్యాడ్జి మీద పేరు చూసి అతనే దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, తెలుగువారాండీ?"

అవునన్నాను. కొలిమి కొన్న కంపెనీ తరఫున వచ్చాడట. కొత్త ప్లాంటు మనవైపే పెడుతున్నారట. ఇక్కడ తిండి పడక ఇబ్బందిగా ఉందన్నాడు. ఫ్రీమాంట్‌లో మంచి భోజనం దొరికే చోటు చెప్పాను. మర్యాదస్తుడు, పని తెలిసినవాడు. ప్రతి పెట్టె మీదా నంబరు తనే రాసుకుంటున్నాడు.

"ఆ ఫిల్టర్లు ఎప్పుడు విప్పుతారు?" అని అడిగాను. సంచుల ఫిల్టరు షెడ్డు పక్కన కొత్తగా మెరుస్తూ నిలబడి ఉంది.

"అవి మా స్కోప్‌లో లేవండీ. ఫర్నేస్, క్రేన్‌లు, అంతే. అది షిప్ చేయాలంటే కాస్ట్ చాలా అవుతుంది మేడమ్. స్క్రాప్‌కి ఇచ్చేస్తారనుకుంటా."

"మరి అక్కడ?"

"అక్కడ ఏదో ఒకటి అరేంజ్ చేస్తారండీ. రూల్స్ అక్కడా ఉన్నాయి కదా."

"ప్లాంటుకి ఊరు దగ్గరా?"

"చాలా దగ్గరండీ" అన్నాడు ఉత్సాహంగా. "గోడకి ఆనుకునే ఇళ్ళు. అందుకే లేబర్‌కి ప్రాబ్లమ్ లేదు."

అతను నాకు శత్రువు కాడు. ఆ ఊళ్ళో పని దొరక్క చూస్తున్నవాళ్ళకి అతను తీసుకెళ్తున్నది అన్నం. ఈ వీధిలో వాళ్ళకి ఇన్నేళ్ళూ అన్నం పెట్టింది కూడా అదే కొలిమి. అతను విజిటింగ్ కార్డు ఇచ్చాడు. రిటైరయ్యేదాకా నా డెస్కులో ఉంచాను. ఆ ప్లాంటుకి ఫిల్టరు పెట్టారా అని ఒక ఈమెయిల్ రాశాను. జవాబు రాలేదు.

ఆ ఏడాది చివర్లో మా ఆఫీసు వేసిన గాలి కాలుష్యం గ్రాఫులో ఆ వీధి దగ్గర గీత బాగా కిందికి దిగింది. మీటింగులో మెచ్చుకున్నారు. మా సీనియర్ అప్పటికే రిటైరయ్యాడు. ఫోన్ చేసి గీత సంగతి చెప్పాను. "అబద్ధపు గీత కాదు, గాలి నిజంగానే బాగుపడింది" అన్నాడు. "అందులో ఎంత శుభ్రం చేసింది, ఎంత పక్కకి జరిపింది అన్నది ఆ గీత చెప్పదు."

వాకింగ్‌లో పలకరించే ఆ పిల్లలకి నేను చెప్పాలనుకున్నది ఇదే. ఈ దేశంలో గాలి చాలావరకు నిజంగానే శుభ్రపడింది, కొట్లాడి శుభ్రం చేసుకున్నారు. వీళ్ళేదో పుట్టుకతో శుభ్రమైన మనుషులై కాదు. మనవాళ్ళ చేత కానిదీ కాదు. కానీ నేను పనిచేసిన ఆ ఒక్క వీధిలో జరిగింది వేరు.

ఆ కుటుంబం ఇల్లు ఖాళీ చేసి కొండలకి అవతల, సెంట్రల్ వ్యాలీలో అద్దెలు తక్కువున్న ఊరికి వెళ్ళింది. అతనికి అక్కడ ఒక గోడౌన్‌లో పని దొరికింది. ఒకరోజు ఆమె నా ఆఫీసు నంబరుకే ఫోన్ చేసింది.

"ఇక్కడ గాలి బాలేదు. పిల్లకి మందు డోసు పెంచారు" అంది. "మా ఊరు చుట్టూ అంతా మసకగా ఉంటుంది. కానీ వాసన ఏమీ లేదు. ఎవరి మీద కంప్లైంట్ చేయాలి?"

ఆ వ్యాలీ ఒక గిన్నె లాంటిది. లారీల పొగ, పొలాల దుమ్ము, అడవి మంటల పొగ, మా వైపు నుంచి గాలి మోసుకెళ్ళేది కూడా అందులోనే పేరుకుంటాయి. ఫలానా చోటని వేలెత్తి చూపడానికి లేదు. అది నా ఆఫీసు పరిధి కూడా కాదు. అక్కడి ఆఫీసు నంబరు ఇచ్చాను. వారం తర్వాత మళ్ళీ చేసింది. అక్కడి అబ్బాయి చాలా మర్యాదగా మాట్లాడాడట. ఎక్కడి నుంచి వస్తోందో చెప్పగలిగితే వచ్చి చూస్తానన్నాడట.

"మీరూ ఇలాగే అనేవారు. కానీ మీరు వచ్చేవారు" అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఆ తర్వాత కొన్ని క్రిస్మస్‌లకి కార్డులు పంపింది. తర్వాత అవీ ఆగిపోయాయి. నేను పంపిన కార్డు తిరిగొచ్చింది.

నేను రిటైరయ్యాక మావారి పాత టీమ్‌లో కుర్రాడొకడు గృహప్రవేశానికి పిలిచాడు. అడ్రసు చూసి కారులోనే గుర్తుపట్టాను. పట్టాల పక్కన, ఫౌండ్రీ ఉన్నచోట, నాలుగంతస్తుల కొత్త అపార్ట్‌మెంట్లు. వ్రతం అయ్యాక ఆ అబ్బాయి నన్ను బాల్కనీలోకి తీసుకెళ్ళాడు.

"ఎయిర్ చూడండి ఆంటీ, ఎంత ఫ్రెష్‌గా ఉందో. ఈ లొకేషన్‌కి అదే ప్లస్. ఇంతకుముందు ఇక్కడ ఏదో ఫ్యాక్టరీ ఉండేదట కదా?"

"ఉక్కు ఫౌండ్రీ" అన్నాను.

"పొల్యూషన్ ఉండేదా?"

"ఉండేది."

"మరి ఎవరు తీయించారు ఆంటీ? గవర్నమెంటా?"

కింద ఆ వీధి కనిపిస్తోంది. ఆ ఇళ్ళు చాలావరకు పడగొట్టి కొత్తవి కట్టినట్టున్నారు. బే మీంచి గాలి వస్తోంది. నిజంగానే బాగుంది.

"ఇక్కడ ఒకావిడ ఉండేది" అని మొదలుపెట్టాను. "స్కూలు వంటగదిలో పని చేసేది..."

లోపల్నుంచి భోజనాలకి పిలిచారు. "మీరు తిన్నాక చెబుదురుగాని ఆంటీ, రండి రండి" అన్నాడు ఆ అబ్బాయి. పిల్లవాడు మంచివాడు, తర్వాత నిజంగానే వినాలనుకున్నాడు. కానీ వడ్డనలు, ఫోటోలు, తాంబూలాలు, పార్కింగ్ టైమ్ అయిపోతోందని మావారి తొందర. నేను చెప్పనేలేదు, అతను మళ్ళీ అడగలేదు.